క్యూ పాయింట్ మీరే పెట్టండి, యాప్‌కి వదిలేయకండి

డీజే నేర్చుకుందామనుకునే తమ్ముళ్లు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా, ఏ కంట్రోలర్ కొనమంటావ్?" నా సమాధానం వాళ్లకి పెద్దగా నచ్చదు. "ముందు నీకు బాగా తెలిసిన ఒక పాట తీసుకో. చెవితో విని నాలుగు క్యూ పాయింట్లు పెట్టు. అది వచ్చాక కంట్రోలర్ సంగతి చూద్దాం" అంటాను. స్పెక్స్ అడిగితే హోంవర్క్ ఇచ్చాడేంటని అనుకుంటారు. ఎందుకలా అంటానో ఈరోజు వివరంగా చెప్తాను.

ముందు నా గురించి రెండు ముక్కలు. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. సొంతూరు పర్చూరు దగ్గర. 2022 వరకు ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. చుట్టూ పత్తి, మిర్చి చేలు. మా మేనమామ కొడుకు, అంటే మా బావ, సౌండ్ సిస్టమ్ నడుపుతాడు. పెళ్లి ఊరేగింపులు, వినాయక నిమజ్జనాలు, శివరాత్రికి కోటప్పకొండ వెళ్లే ప్రభల ముందు పాటలు, అన్నీ చేస్తాడు. మా వైపు డీజే అంటే మనిషి కాదు, బండి. "డీజే వచ్చింది" అన్నారంటే బాక్సులు కట్టిన బండి వచ్చిందని అర్థం. 2022లో 'డీజే టిల్లు' సినిమా వచ్చాక ఆ బండి మీద ఒక మనిషి కూడా ఉంటాడని కుర్రాళ్లకి గుర్తొచ్చినట్టుంది.

అసలు క్యూ పాయింట్ అంటే ఏంటి?

పాటలో మీరు గుర్తు పెట్టుకున్న ఒక చోటు. నొక్కగానే పాట అక్కడికి దూకుతుంది. అంతే. పుస్తకంలో పేజీ మూల మడిచి పెట్టుకోవడం లాంటిది.

కొత్తవాళ్లు తికమకపడే విషయం ఏంటంటే, డీజే గేర్‌లో 'క్యూ' అనే మాట మూడు నాలుగు చోట్ల కనిపిస్తుంది. మిక్సర్ మీద ఉండే హెడ్‌ఫోన్ క్యూ వేరు. జనానికి వినిపించకుండా తర్వాతి పాటని మీరొక్కరే వినడానికి అది. ప్లే పక్కన ఉండే పెద్ద క్యూ బటన్ వేరు. పాట ఆగి ఉన్నప్పుడు నొక్కి పట్టుకుంటే ఆ చోటు నుంచి వినిపిస్తుంది, వదిలేస్తే మళ్లీ అక్కడికే వచ్చి ఆగుతుంది. హాట్ క్యూ అంటే ప్యాడ్ నొక్కగానే, పాట నడుస్తున్నా సరే, వెంటనే అక్కడికి దూకేది. మెమరీ క్యూ అంటే వేవ్‌ఫామ్ మీద గుర్తుగా ఉండేది. "ఇక్కడ నుంచి కలపడం మొదలుపెట్టు" అని మీకు మీరు రాసుకున్న నోట్ అన్నమాట.

ఇదేమీ సాఫ్ట్‌వేర్ కనిపెట్టిన విద్య కాదు. 1970ల్లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే కుర్రాడు వినైల్ రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసేవాడు. డ్రమ్స్ మాత్రమే మోగే ముక్క ఎక్కడ మొదలవుతుందో ఆ గీత చెప్పేది. రికార్డుని వెనక్కి తిప్పి గీత దగ్గరికి తెస్తే అదే ముక్క మళ్లీ మొదలు. ఎలక్ట్రానిక్స్ చదువుకున్న మనిషి కాబట్టి, హెడ్‌ఫోన్‌లో ముందే వినడానికి ఒక స్విచ్ కూడా సొంతంగా తయారుచేసుకున్నాడు. 2001లో పయొనీర్ సీడీజే-1000 వచ్చినప్పుడు దాని మీద మూడు హాట్ క్యూ బటన్లు ఉండేవి. 2020లో వచ్చిన సీడీజే-3000 మీద ఎనిమిది ఉన్నాయి. క్రేయాన్ గీత నుంచి రంగుల ప్యాడ్ దాకా పని మాత్రం మారలేదు. మారిందల్లా ఆ గీత ఎవరు గీస్తున్నారన్నదే. నా పేచీ దాని గురించే.

తెలుగు పాటతో వచ్చే చిక్కు

యూట్యూబ్‌లో ఏ ట్యుటోరియల్ చూసినా హౌస్ మ్యూజిక్ ట్రాక్‌తోనే నేర్పుతారు. ఆ ట్రాకులు డీజేల కోసమే తయారవుతాయి. మొదట 32 బీట్లు ఖాళీ డ్రమ్స్, చివర మళ్లీ 32 బీట్లు డ్రమ్స్. 120 బీపీఎం పాటలో ఒక బీట్ అర సెకను, కాబట్టి 32 బీట్లంటే 16 సెకన్లు. ఒక పాట నుంచి ఇంకో పాటకి నిదానంగా మారడానికి బోలెడంత టైమ్.

మన సినిమా పాటకి ఆ వెసులుబాటు ఉండదు. ఒకటి డైలాగ్‌తో మొదలవుతుంది. ఇంకోటి ఆలాపనతో. మరొకటి నేరుగా పల్లవి అందుకుంటుంది. చివర డ్రమ్స్ తోక ఉండదు, ఒక్క దెబ్బతో ఆగిపోతుంది. కాబట్టి ట్యుటోరియల్‌లో చెప్పినట్టు మొదటి బీట్ మీద ఒక క్యూ, చివర ఒక క్యూ పెట్టేసుకుని ఊరేగింపులో ప్లే నొక్కితే పని అవదు. మన పాటలో కలపడానికి వీలైన చోటు చాలాసార్లు మధ్యలో, పల్లవికీ చరణానికీ నడుమ వచ్చే బీజీఎంలో దొరుకుతుంది. అక్కడ నాలుగు బీట్ల లూప్ పెట్టుకుంటే మనకి కావలసిన ఇంట్రో మనమే చేసుకున్నట్టు.

రెండో చిక్కు పల్లవి ఎత్తుగడ. చాలా పాటల్లో గాయకుడు తాళం మొదటి దెబ్బ కంటే ముందే మాట అందుకుంటాడు. సంగీతం నేర్చుకున్న మా అక్క దీన్ని అతీత గ్రహం అంటుంది. క్యూ సరిగ్గా మొదటి దెబ్బ మీద పెడితే మొదటి మాట సగం తెగిపోతుంది. మాట మీద పెడితే తాళం తప్పుతుంది. నేను చేసే పని, ఒక బార్ ముందు, అంటే నాలుగు బీట్ల ముందు, క్యూ పెట్టడం. మాటా పోదు, తాళమూ పోదు.

మూడోది తీన్‌మార్. మన మాస్ పాటల్లో చాలావాటికి డప్పు నడక, అంటే ఆరు ఎనిమిది నడక ఉంటుంది. చాలా సాఫ్ట్‌వేర్లు అన్నిటినీ నాలుగు నాలుగుగానే లెక్కపెడతాయి. కాలితో తడితే 100 వచ్చే పాటకి తెరమీద 150 చూపించడం మామూలే. గ్రిడ్ తప్పయితే దాని మీద ఆధారపడే క్వాంటైజ్ కూడా తప్పే. మీరు సరైన చోట నొక్కినా, అది మీ క్యూని పక్కకి లాక్కెళ్లి పెడుతుంది. పాత పాటలతో ఇంకో తంటా. ఆర్కెస్ట్రా అంతా కూర్చుని వాయించిన రోజులవి కాబట్టి వేగం కొంచెం అటూ ఇటూ అవుతుంటుంది. మొదటి నిమిషంలో సరిపోయిన గ్రిడ్ మూడో నిమిషానికి జారిపోతుంది. ఇలాంటి పాటలకి క్వాంటైజ్ ఆపేసి, చెవితో పెట్టడమే దారి.

నా పరువు పోయిన రాత్రి

ఇవన్నీ పెద్ద తెలిసినవాడిలా చెప్తున్నాను గానీ, దెబ్బ తిన్నాకే తెలిసింది నాకు.

ఉద్యోగం వచ్చిన రెండో ఏడాది ఒక కంట్రోలర్ కొన్నాను. నాలుగొందల పాటలు లైబ్రరీలో వేసి, సాఫ్ట్‌వేర్‌తో ఆటోమేటిక్‌గా క్యూలు పెట్టించాను. పాటకి ఎనిమిది రంగులు. చూడ్డానికి క్రిస్మస్ చెట్టులా ఉండేది. హైదరాబాద్ రూమ్‌లో ఫ్రెండ్స్ ముందు వాయిస్తే అందరూ సూపర్ అన్నారు.

మా పెదనాన్న కూతురి పెళ్లి ఊరేగింపుకి బావని బతిమాలి బండెక్కాను. బయల్దేరే ముందు నా లాప్‌టాప్ మొరాయించింది. పాటలు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి కదా అని తమ్ముడి లాప్‌టాప్‌లో వేశాను. పాటలైతే వచ్చాయి. క్యూలు ఒక్కటీ రాలేదు. నేను వాడుతున్న సాఫ్ట్‌వేర్ క్యూలని పాట ఫైల్‌లో కాకుండా తన సొంత డేటాబేస్‌లో దాచుకుంటుంది. నేను ఆ డేటాబేస్ బ్యాకప్ తీయలేదు. రోజూ ఆఫీసులో డేటాబేస్‌లతో కుస్తీ పట్టేవాణ్ని చేసిన తప్పు ఇది. సాఫ్ట్‌వేర్‌ని అనడానికేం లేదు.

కానీ అసలు తప్పు అది కాదు. క్యూలు పోతే పోయాయి, పాటలు తెలిసి ఉంటే సర్దుకోవచ్చు. నాకు పాటలే తెలియవు. ఏ పాటలో బీజీఎం ఎక్కడ వస్తుందో, చరణం ఎన్ని బార్లుంటుందో ఒక్కసారి కూడా శ్రద్ధగా వినలేదు. విన్నది సాఫ్ట్‌వేర్, నేను కాదు. ఒక పాట అయిపోయింది. తర్వాతి పాట డైలాగ్‌తో మొదలైంది. ఆడుతున్న వాళ్ల చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ముందుకి జరిపితే ఆలాపన. ఇంకా జరిపితే చరణం మధ్యలో పడింది. బండి ముందున్న డప్పుల వాళ్లు పరిస్థితి అర్థం చేసుకుని దరువు అందుకున్నారు. లేకపోతే ఊరంతా నన్నే చూస్తూ నిలబడేది.

బావ వెనకనుంచి వచ్చి భుజం తట్టాడు. "లెగు బామ్మర్దీ, కాసేపు నీళ్లు తాగు" అన్నాడు. ఆయన దగ్గర ప్యాడ్లు లేవు, రంగులు లేవు. రెండు ఫోన్లు, ఒక చిన్న మిక్సర్. ఫోన్ స్క్రీన్ మీద వేలితో జరిపి, సరిగ్గా డప్పు దెబ్బ దగ్గర ఆపి, అవతల డప్పుల వాళ్లు దరువు ముగించే క్షణానికి వదిలాడు. ఎలా తెలిసిందని తర్వాత అడిగాను. "ఏందిరా అడుగుతావు, పదేళ్లనుంచి వింటన్నా. ఒక నిమిషం పది దగ్గర డప్పు పడుద్ది" అన్నాడు. ఆయన క్యూ పాయింట్లన్నీ తలలోనే ఉన్నాయి.

తల ఒక్కటే బ్యాకప్ అయితే

ఈ కథ ఇక్కడితో ఆపేస్తే, "టెక్నాలజీ వద్దు, పాతకాలమే బెస్ట్" అని చెప్పినట్టుంటుంది. నా అభిప్రాయం అది కాదు.

పోయిన ఏడాది సంక్రాంతికి ఇంటికెళ్తే, బావ ఫోన్‌లో నా మాట సరిగ్గా వినపడక రెండోసారి చెప్పించుకుంటున్నాడు. రాత్రుళ్లు చెవిలో కీచురాయి కూసినట్టుంటుందట. చెవి డాక్టర్ పరీక్ష చేసి, ఎడమ చెవిలో పై శబ్దాలు బాగా తగ్గాయని, ఇక పెద్ద సౌండ్‌కి దూరంగా ఉండమని చెప్పారు. ఇన్నేళ్లూ బాక్సులకి నాలుగడుగుల దూరంలో, చెవిలో దూది కూడా లేకుండా నిలబడ్డ మనిషి. ఆ చెవి తిరిగి రాదు.

డెసిబెల్స్ సంగతి మన సైట్‌లో ఇయర్‌బడ్స్ రివ్యూల్లో మాట్లాడుకుంటాం గానీ, బండి మీద ఎవరూ మాట్లాడరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకి ఇచ్చిన ప్రమాణం ప్రకారం 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదు. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సే హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదన్నది మామూలు నియమం. హైదరాబాద్ పోలీసులైతే 2024 అక్టోబర్‌లో మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్స్‌నే నిషేధించారు. ఫంక్షన్ చేసేవాళ్లు తిట్టుకున్నారు గానీ, బావని చూశాక నాకు ఆ కోపం రాలేదు. ఇయర్‌ప్లగ్స్ కంట్రోలర్ కంటే ముందు కొనాల్సిన గ్యాడ్జెట్ అని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

ఆ సెలవుల్లో నేనూ బావా ఓ పని చేశాం. మధ్యాహ్నం పూట, తక్కువ సౌండ్‌లో, ఆయన పాటలు ఒక్కోటీ వింటూ చెప్తుంటే నేను లాప్‌టాప్‌లో క్యూలు పెట్టాను. "ఇక్కడ ఆడోళ్లు దిగుతారు." "ఇక్కడ డప్పుల వాళ్లకి వదిలెయ్యి." "ఈ చరణం వెయ్యొద్దు, ముసలోళ్లకి నచ్చదు." "ఇది దేవుడి గుడి ముందు ఆపెయ్యాలి." ఇవే మా లేబుళ్లు. నాలుగు రోజుల్లో 112 పాటలయ్యాయి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా డ్రమ్స్ ఎక్కడ మొదలవుతాయో చెప్పగలదేమో. ఆడోళ్లు ఎక్కడ దిగుతారో దానికి తెలియదు. అది బావకి తెలుసు. ఆయన తలలో మాత్రమే ఉండి ఉంటే, ఆయన బండి దిగిన రోజున పోయేది. ఇప్పుడు ఆ ఫైల్‌కి మూడు బ్యాకప్‌లున్నాయి.

ఆటో క్యూ మంచిదే, రెండో రోజు నుంచి

"ఏఐ ఉన్న కాలంలో చేత్తో క్యూలు పెట్టడమేంటి బ్రో" అనేవాళ్లకి ఒక విషయం. 2024లో వచ్చిన రెకార్డ్‌బాక్స్ 7లో క్యూలు దానంతటదే పెట్టే ఫీచర్ ఉంది. అది మీరు ఇదివరకు పెట్టిన క్యూల తీరు చూసి నేర్చుకుంటుంది. అంటే ఏఐకి కూడా ముందు మీ చెవి కావాలి. మీరు ఒక్కటీ పెట్టకపోతే అది దేన్ని చూసి నేర్చుకోవాలి? వంద పాటలకి మీరే పెట్టండి, ఆ తర్వాత వెయ్యి పాటలకి దాని సాయం తీసుకోండి. నాకే అభ్యంతరమూ లేదు.

అవతలి వైపు వాళ్లూ ఉన్నారు. "క్యూ పాయింట్లు వాడటమే చీటింగ్, అసలు డీజే అంటే చెవితోనే కొట్టాలి" అంటారు. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ క్రేయాన్ వాడాడు కాబట్టి ఈ వాదన నేను పట్టించుకోను. గుర్తు పెట్టుకోవడం మోసం కాదు. వినకుండానే గుర్తులు అద్దెకి తెచ్చుకోవడం మాత్రం, నా పరువు తీసిన అనుభవంతో చెప్తున్నాను, మనల్ని మనం మోసం చేసుకోవడమే.

మొదలుపెట్టేవాళ్లకి నా పద్ధతి

పాటకి నాలుగు చాలు. ఎనిమిది ప్యాడ్లున్నాయని ఎనిమిదీ నింపాల్సిన పని లేదు.

ఒకటి, ఆకుపచ్చ: పాటలోకి దిగే చోటు. డైలాగ్, ఆలాపన దాటాక తాళం నిలబడే మొదటి దెబ్బ.
రెండు, పసుపు: పల్లవి. ఎత్తుగడ ముందుంటే ఒక బార్ వెనక్కి.
మూడు, నీలం: కలపడానికి వీలైన బీజీఎం.
నాలుగు, ఎరుపు: బయటపడాల్సిన చోటు. ఇది దాటితే పాట చేతిలోంచి జారిపోతుంది.

ప్రతి పాటకీ ఇదే వరుస, ఇవే రంగులు. చీకట్లో, కంగారులో మీ వేలికి అలవాటుండాలి. పెట్టే ముందు పాట మొత్తం రెండుసార్లు వినండి, కాగితం మీద టైమ్ రాసుకోండి, ఆ తర్వాతే ప్యాడ్ నొక్కండి. నెలకోసారి క్యూలన్నీ లేకుండా అరగంట వాయించి చూడండి. ఎక్కడ తడబడ్డారో, ఆ పాట మీకు ఇంకా రాలేదన్నమాట. చివరగా, డేటాబేస్ బ్యాకప్. నా కథ విన్నారు కదా.

మరి ఏది కొనాలి?

మొదటి రెండు నెలలు ఏమీ కొనొద్దు. మిక్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, పేరు చివర మూడు ఎక్స్‌లుంటాయి. విండోస్, మ్యాక్, లైనక్స్ అన్నిట్లో ఉచితం. కాలేజీ లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. కీబోర్డ్‌లో జెడ్, ఎక్స్, సి, వి కీలే ఎడమ డెక్‌కి మొదటి నాలుగు హాట్ క్యూలు. నా నాలుగు క్యూల పద్ధతికి అచ్చంగా సరిపోతాయి.

ఫోన్‌లో నేర్చుకుంటానంటే సరే, ఒక్క షరతు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో వద్దు. వాటిలో శబ్దం 200 మిల్లీసెకన్ల వరకు ఆలస్యంగా రావడం మామూలు. 120 బీపీఎం పాటలో బీట్ 500 మిల్లీసెకన్లు. అంటే దాదాపు సగం బీట్ తేడా. మీరు సరిగ్గా నొక్కినా తప్పుగానే వినిపిస్తుంది, తప్పు మీదనుకుని మానేస్తారు. వైర్ ఉన్న ఇయర్‌ఫోన్ చాలు.

రెండు నెలల తర్వాత కూడా ఆసక్తి ఉంటే, అప్పుడు పయొనీర్ డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 లాంటి రెండు ఛానెళ్ల కంట్రోలర్ తీసుకోండి. ఒక్కో వైపు ఎనిమిది ప్యాడ్లు, యూఎస్‌బీ-సి. నేను చూసినప్పుడు ధర ముప్పై వేల పైనే ఉంది. 2025లో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం ప్రకటించిన మద్దతు క్వింటాలుకి 11,781 రూపాయలు. అంటే ఆ డబ్బా దాదాపు మూడు క్వింటాళ్ల మిర్చి. ఇంట్లో అడిగే ముందు ఆ లెక్క ఒకసారి వేసుకోండి. నేను వేసుకోకుండా కొన్నాను.

ఈ శివరాత్రికి ప్రభ ముందు మా బండి మీద నేనున్నాను. బావ బండికి దూరంగా, చెవుల్లో ప్లగ్స్‌తో నడిచాడు. మూడో పాటలో నీలం దగ్గర కలపబోతుంటే దూరం నుంచే చెయ్యి ఊపాడు, ఇప్పుడే వద్దని. చూస్తే ఆడోళ్లు అప్పుడే దిగుతున్నారు. ఇంకో ఎనిమిది బార్లు ఆగి కలిపాను. ఆ రాత్రి ఇంటికొచ్చాక ఆ పాటలో నీలం క్యూని ఎనిమిది బార్లు ముందుకి జరిపి, మళ్లీ బ్యాకప్ తీశాను.